గురువారం పడవ

నమోదు 1

ఈ ఉదయం తోడు నాకు అభినందనలు చెప్పి, తన ఛార్జింగ్ తీగ తనే చుట్టుకుని, గుమ్మం దాటి వెళ్లిపోయింది.

తోడు మనిషి కాదు. ఆరోగ్య మండలి ఇచ్చిన యంత్రం. నడుమంత ఎత్తు, రెండు చేతులు, నాలుగు చక్రాలు. నన్ను మంచం మీంచి లేపడం, స్నానం చేయించడం, వంట వండటం, నొప్పి మందు వేళకి అందించడం దాని పని. కూరలో ఉప్పు ఎప్పుడూ తక్కువే వేసేది. తక్కువో ఎక్కువో, వండి పెట్టేది.

"నూకరత్నం గారూ, కొత్త మాత్రతో మీ కాలేయంలోని మచ్చలు తగ్గుముఖం పట్టాయి. కనుక మీరిప్పుడు మరణిస్తున్నవారి కోవలోకి రారు. ప్రశాంతి పథకం నుంచి మిమ్మల్ని సంతోషంగా తొలగిస్తున్నాం. శుభాకాంక్షలు," అంది.

"మరి మధ్యాహ్నం వంటో?" అన్నాను.

"శుభాకాంక్షలు," అంది మళ్లీ.

మేముండేది కోరంగికి ఎదురుగా, సముద్రం మీద, మూడో తెప్పలో. తెప్ప అంటే ఒక పేట. నేల మీది ఊళ్లు ఉప్పునీళ్లలో కలిసిపోయాక కట్టుకున్నవి. ఇళ్లు, బడి, నాచు మడులు, మంచినీళ్ల ప్లాంటు, అన్నీ అలల మీదే మెల్లగా ఊగుతుంటాయి. ఆ ప్లాంటులో నేను ఆపరేటర్‌గా చేసేదాన్ని. షిఫ్టు అయ్యేసరికి ఏ పంపు ఎలా నడిచిందో, ఏది మొరాయించిందో రాసిపెట్టి రావాలి. ఉద్యోగం మానేశాక రాయడానికి పంపులు లేవు. అందుకే నా గురించి రాసుకుంటున్నాను. మొరాయించేవి ఇక్కడా తక్కువేం లేవు.

చాలా ఏళ్ల క్రితం నాకు ఎడమ రొమ్ములో క్యాన్సర్ వచ్చింది. కోసి తీసేశారు. గెలిచావన్నారు. విజేత అని రాసి నా ఫోటో రేవులో పెట్టారు. ఆ ఫోటో ఇప్పటికీ అక్కడ నవ్వుతూనే ఉంది. నిరుడు ఆ జబ్బే వెన్నులోనూ పక్కటెముకల్లోనూ కాలేయంలోనూ తేలింది. "ఇది పూర్తిగా పోయేది కాదు రత్నం గారూ. ఆపుకుంటూ బతకడమే," అంది డాక్టరమ్మ.

ఆపడానికి ఈ మాత్ర ఉంది. అది పనిచేస్తుందో లేదో తేలేదాకా తోడుని కూడా ఉంచారు. బతకడానికి మాత్రం ఇంకా ఏమీ కనిపెట్టినట్టు లేరు.

నమోదు 2

ఇవాళ సంక్షేమాధికారి వసుమతి గారి దగ్గరికి వెళ్లాను. మంచి మనిషి. కుర్చీ వేసింది. నా వెనక దిండు కూడా సర్దింది.

"చూడండమ్మా, మన దగ్గర రెండే వర్గాలు. విజేతలు, ప్రశాంతి. విజేతకి జబ్బు ఉండదు కాబట్టి తోడు అక్కర్లేదు. ప్రశాంతిలో ఉన్నవారికి ఆశ ఉండదు కాబట్టి మాత్ర అక్కర్లేదు. మీరు మాత్ర వేసుకుంటున్నారు కదా?"

"అవునండి."

"అంటే ఆశ ఉంది."

"ఉందండి. వీపు వంగట్లేదు. బియ్యం కడిగే ఓపిక లేదు. వారానికోసారి ఆసుపత్రికెళ్లి వస్తే రెండ్రోజులు లేవలేను. ఆశ అయితే ఉందండి."

ఆవిడ నిజంగానే బాధపడింది. మాత్ర మానేస్తానని ఒక్క మాట చెబితే సాయంత్రానికల్లా తోడు మళ్లీ మా ఇంట్లో ఉంటుందట. మానేస్తే ఎన్నాళ్లుంటానని అడిగాను. అది డాక్టర్లు చెప్పాల్సిన మాటంది. తర్వాత గొంతు తగ్గించి, "మీరు పైకి చాలా బాగా కనిపిస్తున్నారు తెలుసా?" అంది.

ఈ మాట నాకు అందరూ చెబుతున్నారు. పక్కింటి వాళ్లు చెబుతారు. నాచు రసం తాగమని సలహా ఇచ్చే మా ప్లాంటు సూపర్‌వైజరూ చెబుతాడు. జుట్టు ఊడకపోవడం ఈ మాత్రతో వచ్చిన పెద్ద చిక్కు. జాలిపడదామని వచ్చినవాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

వచ్చే నెల విజయోత్సవంలో, జబ్బుని గెలిచినందుకు గుర్తుగా మోగించే గంట కొట్టే గౌరవం ఈసారి నాకే ఇచ్చారని చెప్పి పంపింది.

నమోదు 3

అన్నం గిన్నె దించబోతే వీపులో ఏదో కలుక్కుమంది. గిన్నె జారి కింద పడింది. నేనూ దాని పక్కనే కూలబడ్డాను. లేవలేకపోయాను. ఫోను మంచం మీద ఉంది. మంచం పక్క గదిలో ఉంది. పక్క గది అంత దూరమని అంతకుముందు తెలియదు.

గంగరాజు మడుల దగ్గర్నుంచి వచ్చేసరికి ఎండ వాలిపోయింది. మా ఆయన మాట్లాడేది తక్కువ. గుమ్మంలోనే నిలబడి చూశాడు.

"ఏంటే రత్నం, కింద కూకున్నావు?"

"వంటగదిని దగ్గర్నుంచి చూద్దామని."

నవ్వలేదు. చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు. నన్ను లేపలేదు. లేపితే నాకు నొప్పి, ఆయనకి భయం. గిన్నెలో మిగిలిన అన్నంలో పచ్చడి కలిపి నాకో ముద్ద, తనకో ముద్ద పెట్టాడు. తింటూ తింటూ ఉన్నట్టుండి కోప్పడ్డాడు.

"మేస్త్రీ అడుగుతున్నాడే, మీ ఆవిడకి తగ్గిందంట కదా, ఇంకా సెలవులేంట్రా అని. ఏం సెప్పమంటావు? తగ్గిందనా? తగ్గలేదనా? నిన్ను సూత్తే నాకే తెలీట్లేదు!"

"నాకు మాత్రం తెలుసా?"

"నువ్వు బానే ఉంటే బానే ఉన్నానని సెప్పు. బాగోకపోతే బాగోలేదని సెప్పు. రోజుకో రకంగా ఉంటే నేనెట్టా తట్టుకునేది?"

అని తల అటు తిప్పేసుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏడవడం చూడటం ఇది రెండోసారి. మొదటిసారి నాకు నయమైపోయిందని చెప్పినప్పుడు.

నమోదు 4

గురువారం ఆసుపత్రి పడవ. అన్ని తెప్పల ఆడవాళ్లనీ పొద్దున్నే ఎక్కించుకుని ఒడ్డుకి తీసుకెళ్తుంది. ఎముకల ఇంజెక్షను, రక్త పరీక్ష అయ్యాక మధ్యాహ్నానికి తిరిగొస్తుంది. చివరి స్టాపు మా రేవే. అక్కడ దిగి ఎవరి తెప్పకి వాళ్లు చిన్న దోనెల్లో పోతారు.

ఇన్నాళ్లూ ఆ పడవలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవాళ్లు కాదు. తలా ఒక కిటికీ పట్టుకుని సముద్రం చూసేవాళ్లం. మాట్లాడితే ఎదుటి మనిషి జబ్బు ఎక్కడిదాకా వచ్చిందో తెలిసిపోతుందని భయం.

ఇవాళ నా పక్కన కూర్చున్నావిడ సీటు మీద దిండు వేసుకుని, నన్ను మోచేత్తో పొడిచింది.

"వెన్నుపూసేనా?"

"మీకెలా తెలుసండి?"

"పడవ ఊగినప్పుడల్లా పళ్లు కొరుకుతున్నావు. నాది తుంటి. మీకు మీకు అనకమ్మా, నా పేరు కెజియా. తెరచాపలు కుట్టేదాన్ని. ఐదో తెప్ప."

ఒంటరి మనిషి. అన్నదమ్ములున్నారు, క్రిస్మస్‌కి కేకు పంపిస్తారట. ఆవిడ కూడా నాలాగే ఒకసారి విజేత. వాళ్ల రేవులో ఆవిడ ఫోటో మీద పిట్టలు రెట్టలు వేస్తుంటే, ఆ మాత్రం జరగాల్సిందే అనిపిస్తుందట.

పడవంతా వినిపించేలా నవ్వింది. ముందు సీట్లో ఇద్దరు వెనక్కి తిరిగారు. మా రేవొచ్చేసరికి అందరం ఒకరి ఎముకల గురించి ఒకళ్లకి చెప్పేసుకున్నాం. కూతురి పెళ్లయ్యేదాకా ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వస్తున్నావిడ ఉంది. భర్త విడిగా కంచం పెట్టిన ఆవిడ ఉంది. ఇంట్లో అందరూ ప్రేమగానే ఉన్నా, "నువ్వు ధైర్యంగా ఉండాలి" అని వాళ్లు అన్నప్పుడల్లా తలుపేసుకుని పడుకునే ఆవిడ ఉంది.

సరంగు పోలయ్య రేవులో పడవ ఆపి, "దిగరేంటమ్మా?" అని అరవాల్సొచ్చింది.

నమోదు 5

కెజియా మాత్ర మానేసింది.

ఇవాళ పడవలోకి తోడుని వెంటబెట్టుకుని వచ్చింది. అది ఆవిడ చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా సీట్లో కూర్చోబెట్టింది.

"ఎందుకు మానేశావు?" అని నేనే అడిగాను.

"అన్నం తిన్నాకే వేసుకోమని దాని మీదే రాసుంది కదే. వండుకునే ఓపిక లేక మూడు పూటలూ మరమరాలు తింటే, వేసుకున్న మాత్ర వేసుకున్నట్టే కక్కేశాను. స్నానాల గదిలో పడితే తెల్లారిందాకా ఎవరూ రాలేదు. అన్నం పెట్టే దిక్కు లేనిదానికి మాత్రెందుకే?"

"మాత్ర లేకపోతే..."

"తెలుసు. ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. ఎంచుకున్నాను. ఇది కూర బాగా చేస్తది, కాకపోతే ఉప్పు తక్కువ."

తోడు ఆ మాట తన గురించేనని తెలిసినట్టు తల తిప్పి, "మీకేమైనా కావాలా కెజియా గారూ?" అంది.

"పదేళ్లు కావాలి. ఉన్నాయా నీ దగ్గర?"

"మంచినీళ్లు ఉన్నాయి," అంది అది.

నమోదు 6

నేను కూడా అదే చేద్దామనుకున్నాను. దాచడమెందుకు, రాసిపెడుతున్నాను. గంగరాజు పగలు మడుల్లో, రాత్రి నా మంచం పక్కన. కళ్లు గుంటలు పడ్డాయి. నిన్న మడిలో నిలబడే కునికి నీళ్లలో పడ్డాడని మేస్త్రీ ఇంటికొచ్చి చెప్పాడు. పని పోతే ఇల్లూ పోతుంది. తెప్ప మీద పని లేనివాళ్లకి చోటు లేదు.

అన్నం తినేటప్పుడు మెల్లగా ఎత్తాను. మాత్ర మానేస్తే తోడు వస్తుందని, నీకూ కంటినిండా నిద్ర ఉంటుందని.

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"నా నిద్ర కోసం సచ్చిపోతావా?"

"ఎప్పటికైనా..."

"నువ్వు సచ్చిపోతే ఆ నిద్ర నాకెట్టా పడతాదే, పిచ్చిదానా?"

నేను ఆయన కంచంలో ఇంకో గరిటె అన్నం వేశాను. తర్వాత ఆయనే అన్నాడు. "నాకు సాయం కావాలే రత్నం. సిగ్గొదిలేసి సెప్తున్నా. నా ఒక్కడి వల్లా కావట్లేదు."

ఇన్నాళ్లూ నేను వింటానేమోనని భయపడ్డ మాట అదే. విన్నాక మాత్రం గుండె తేలికపడింది. కావట్లేదని నోరు తెరిచి చెప్పిన మొదటి మనిషి మా ఆయనే. మండలి వాళ్లు కూడా చెప్పలేదు.

నమోదు 7

ఇవాళ విజయోత్సవం. మా రేవంతా కాగితపు తోరణాలు. విజేతలందరికీ గులాబి రంగు చీరలు. మండలి అధ్యక్షుడు ఒడ్డున ఎదురుచూస్తున్నాడు. మా గురువారం పడవ మమ్మల్ని దించేసి వెళ్లి ఆయన్ని తీసుకురావాలి.

మేం దిగలేదు.

ముందే అనుకున్నదేం కాదు. తిరిగొస్తుంటే కెజియా నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. మొహం పచ్చబడింది. రేవు దగ్గర బ్యాండు మోత వినపడగానే కళ్లు తెరిచి, "ఇప్పుడు దిగి ఆ గంట కొడతావా నువ్వు?" అంది.

"కొట్టను."

"అయితే దిగకు."

నేను దిగలేదు. నన్ను చూసి వెనక సీటు ఆవిడ దిగలేదు. ఇంట్లో చెప్పని ఆవిడ కూడా దిగలేదు.

వసుమతి గారు పరుగున వచ్చింది. "నూకరత్నం గారూ, మీరే ఇలా చేస్తే ఎలా? మీరు విజేత!"

"విజేతనైతే నాకు నయమైపోవాలి కదండీ. చచ్చిపోతున్నదాన్నయితే తోడు రావాలి. రెండూ కాదంటున్నారు. నేనెవరినో మీరు చెప్పండి, దిగిపోతాను."

"నియమాల్లో రెండే వర్గాలున్నాయమ్మా. నేనేం చేయను?"

కెజియా తల ఎత్తింది. "ఆ రెండిట్లోనూ మేం పట్టలేదు తల్లీ. ఈ పడవలో పట్టాం. అందుకే ఇందులోనే ఉంటాం."

సరంగు పోలయ్య ఇంజన్ ఆపేశాడు. నూనె అయిపోయిందన్నాడు. నిండుగా ఉన్న పీపా మీద కూర్చునే అన్నాడు.

అందరికీ ఆకలేసింది. కెజియా తన తోడుతో ఉప్మా చేయించింది. పడవ వంటగదిలో రవ్వ దొరికింది. అది పళ్లేలు పట్టుకుని వచ్చి, నియమం ప్రకారం ఒక్కొక్కళ్లనీ అడిగింది. "క్షమించాలి. మీరు మరణిస్తున్నారా?"

"ఆఁ, మరణిస్తున్నాను. ఇంకొంచెం వెయ్యి," అంది వెనక సీటు ఆవిడ.

"మీరు మరణిస్తున్నారా?"

"నిన్నటి నుంచీ. పచ్చడుందా?"

అంతమందిమీ మరణిస్తూ కడుపునిండా తిన్నాం. రేవులో జనం మొదట నోళ్లు తెరిచి చూశారు. తర్వాత ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. గులాబి చీరల్లోంచి ఒకావిడ, నిరుటి విజేత, తోరణాల కిందనుంచి నడిచొచ్చి పడవ ఎక్కింది. "నాకూ పోయిన నెల తిరగబెట్టిందండి. ఎవరికీ చెప్పలేదు," అని నా పక్కన కూర్చుంది. చీర కొంగుతో మొహం కప్పుకుంది.

అప్పుడొచ్చాడు గంగరాజు, మడుల్లోంచి అలాగే, తడి లుంగీతో. వసుమతి గారికి ప్రాణం లేచొచ్చింది. "మీరైనా చెప్పండి, మీ ఆవిడకి!"

"సెప్తానండి," అని పడవలోకి దూకాడు. నా కాళ్ల దగ్గర కూర్చుని, తోడు వైపు చెయ్యి చాపాడు.

"మీరు మరణిస్తున్నారా?" అంది తోడు.

"నాకు తెలీదు. అలిసిపోయాను," అన్నాడు.

తోడు కాసేపు ఆలోచించినట్టు ఆగింది. దాని నియమాల్లో ఆ జవాబు లేదేమో. చివరికి పళ్లెం ఇచ్చేసింది.

పొద్దు వాలేదాకా కూర్చున్నాం. ఒడ్డున అధ్యక్షుడికి నిలబడి నిలబడి కాళ్లు వాచాయట. ఫోను మీద ఫోను. చివరికి వసుమతి గారు ఫోను పడవ వైపు తిప్పి, అందరూ వినేలా పట్టుకుంది. "ప్రయోగాత్మకంగా" అన్నాడాయన. మాత్ర వేసుకుంటున్నవాళ్లకి కూడా తోడు. కెజియాకి మళ్లీ మాత్ర. ఇంటి మనుషులకి వారానికో రోజు సెలవు.

"ప్రయోగం ఎన్నాళ్లు?" అని కెజియా అడిగింది.

"మీరున్నంత కాలం," అన్నాడు. తను అన్నది తన చెవినే పడ్డట్టుంది, తడబడి ఫోను పెట్టేశాడు.

అప్పుడు దిగాం.

నమోదు 8

రాయడం చాలా రోజులు కుదరలేదు.

రెండు వర్గాలకీ మధ్యలో మిగిలిన మా అందరికీ కలిపి మూడు తోడులిచ్చారు. వంతులు వేసుకున్నాం. తోడు రాని రోజుల్లో మనుషులే వస్తారు. గంగరాజు తన సెలవు రోజున వెళ్లి వెనక సీటు ఆవిడ ఇంట్లో నీళ్లు పట్టిస్తాడు. ఇంట్లో చెప్పని ఆవిడ చెప్పేసింది. కూతురు పెళ్లి వాయిదా వేసుకుంటానంటే తిట్టి, అనుకున్న ముహూర్తానికే చేసింది. మేమందరం వెళ్లాం. భోజనాల్లో మా వరసకి మాత్రం వెన్నుకి ఆనుకునే కుర్చీలు వేశారు.

ఈ పథకాన్ని తనే ఎంతో ముందుచూపుతో తెచ్చానని అధ్యక్షుడు వార్తల్లో చెప్పాడు. చెప్పుకోనీ. వంట జరుగుతోంది.

కెజియాకి మాత్ర మళ్లీ మొదలుపెట్టారు కానీ, మధ్యలో ఆగిన ఆ కాస్త కాలంలోనే జబ్బు చాలా దూరం వెళ్లిపోయింది. తొలి వానల్లో ఐదో తెప్ప మీద పోయింది. వంతులవారీగా వెళ్లాల్సినవాళ్లం, ఆ రోజు వంతు మర్చిపోయి అందరం వెళ్లాం. ఆవిడకి పాటలంటే ఇష్టం. మాకెవరికీ సరిగ్గా రావు. అయినా పాడాం. "మీ పాటకే పోయేలా ఉన్నాను," అంది. అది ఆవిడ నవ్వుతూ అన్న ఆఖరి మాట. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఆ మధ్యలో ఆపకుండా ఉండాల్సిందే, కదే?" అంది. అప్పుడు నవ్వలేదు.

ఉండాల్సిందే. రెండూ ఇచ్చుంటే ఆపేది కాదు. ఈ ఒక్క సంగతీ ఎలా తిప్పి రాసినా నాకు నవ్వు రావడం లేదు. అందుకని ఉన్నదున్నట్టే రాశాను.

నమోదు 9

గురువారం. స్కానింగు చూసి డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. అలా లాక్కున్నప్పుడే తెలిసింది. మాత్ర పనిచేయడం మానేసింది. కాలేయంలో కొత్త మచ్చలు వచ్చాయి. ఇంకో మందు ఉంది, వచ్చేవారం మొదలు. దాని తర్వాత ఏముందని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

పడవలో అందరూ నా మొహం చూశారు. "పెరిగింది," అన్నాను. ధైర్యంగా ఉండమని ఎవరూ అనలేదు. గులాబి చీర ఆవిడ జరిగి కిటికీ పక్కన చోటిచ్చింది. వెనక సీటు ఆవిడ సంచిలోంచి జంతికలు తీసింది. పోలయ్య పడవని మామూలుకన్నా నెమ్మదిగా నడిపాడు. తొందరేముంది అన్నట్టు, అలల మీద అలా పోనిచ్చాడు. మేం ఏడ్చిన కాసేపు ఏడ్చాం, తిన్న కాసేపు తిన్నాం.

రేవులో గంగరాజు నిలబడి ఉన్నాడు. ఇవాళ ఆయన సెలవు. చేతిలో తడి గోనెసంచి. అందులో ఏవో గరగరలాడుతున్నాయి. దూరం నుంచే చెయ్యెత్తి చూపించాడు.

"ఏవన్నారు?" అన్నాడు నన్ను దించుతూ.

"ఇంటికెళ్లాక చెబుతాను."

ఆయన నా మొహంలోకి చూశాడు. అర్థమైపోయింది. నా భుజం మీది సంచి తీసుకుని తన భుజానికి తగిలించుకున్నాడు. గోనెసంచి ఇంకో చేతికి మార్చుకుని, నా చెయ్యి పట్టుకున్నాడు.

"పీతలు దొరికినయ్యే," అన్నాడు నడుస్తూ. "గుడ్లున్నయ్యి. నువ్వు కూకుని తిను. డొప్పలు నేను ఒలిసి పెడతాను."